తూటా బరువు

మా భోగాపురానికి చేరువలోని విజయనగరం రాచవారింట పుట్టి, 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకుడైన ‘విజ్జీ’ మూడువందలకు పైగా పులులను కాల్చారని ప్రతీతి. ఆ లెక్క నన్ను అబ్బురపరచదు. గాయంతో తప్పించుకున్నవెన్నో ఎవరూ చెప్పరు కదా!

నా దృష్టిలో వేటగాని యోగ్యత తూటా ఎంపికలో తెలుస్తుంది. చిత్తూరు అడవులలో నరభక్షకులను వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ .405 వించెస్టర్‌ను నమ్ముకున్నాడు. 300 గ్రెయిన్ల తూటా. వేగం మితమే, కాని ఎముకను చీల్చుకుని లోపలికి దిగుతుంది. తేలికపాటి అతివేగపు తూటా భుజాస్థి వద్దే చిట్లితే, ఆ కుంటిపులి జింకను పట్టలేక మనిషిపై పడవచ్చు. నరభక్షకులు పదింట తొమ్మిది గాయాలవల్లనే అలా మారాయని కార్బెట్ అభిప్రాయం. ఫలితం అనుభవించేది దొరగారు కాదు, కట్టెలకు వెళ్ళిన మనిషి.

బెల్ .275తోనే ఏనుగులను కూల్చలేదా అంటారు. కూల్చాడు. అతనికి ఏనుగు శరీరనిర్మాణం కరతలామలకం, వాడింది చిట్లని తూటా. 1972 చట్టానికి ముందు మన జమీందారీ అతిథులలో ఎందరికుండేది ఆ పరిజ్ఞానం?