చిత్రములకొక గోడ కావలెను

మైలవరము పురజనులకును, పరిసర గ్రామములవారికిని, ఇచ్చట పుట్టి దూరదేశములలో స్థిరపడిన మిత్రులకును విన్నవించుకొనునది.

కవిత్వము చెప్పినవానికి ఒక సభయు, పాడనేర్చినవానికి ఒక భజనమందిరమును, వేషము కట్టినవానికి తిరునాళ్ళలో ఒక పందిరియు ఏదో యొక విధమున మన పల్లెపట్టులలో దొరకుచుండగా, కుంచె పట్టినవాడు మాత్రము తాను రచించిన పటమును నలుగురి యెదుట నిలుపదలచినచో దానిని మూటగట్టుకొని బెజవాడకో హైదరాబాదుకో పోవలసియున్నాడు. పోగలిగినవాడు పోవును, పోలేనివాని చిత్రములు అటుకమీద చెదలపాలగును. ఈ కొఱతను తీర్చుటకై మేము, అనగా ఈ యూరి చిత్రకళాభిమానులము కొందఱము, మిమ్ము కోరుచున్నది విరాళము కాదు, స్థలదానమును కాదు. రాబోవు పుష్యమాసమున పదిదినములపాటు మాకొక గోడను, ఆ గోడ యెదుట నిలుచుటకు మీ కాలములో ఒక గంటను ప్రసాదింపుడని మాత్రమే.

పుష్యమాసమే యేల యని కొందఱు అడుగవచ్చును. అది శూన్యమాసమగుటచేత పెండ్లిండ్లుండవు. కల్యాణమండపములు తాళము పడియుండును. ఆషాఢమును అట్టిదే గాని, ఆ దినములలో గోడలు చెమర్చును, నీటిరంగుల కాగితము ఉబ్బి ముడుతలు పడును. పుష్యమున గాలి పొడిగా నుండును, వెలుతురు తీక్ష్ణముగాక తెల్లగా నుండును, సంక్రాంతికి ఊరు విడిచినవారందఱు ఊరు చేరుదురు. మఱియు మన యిండ్లలో బొమ్మల కొలువు తీర్చు కాలమదియే. మెట్లు కట్టి, తెల్లవస్త్రము పఱచి, ఏ బొమ్మ ప్రక్కన ఏది యుండవలెనో గడియసేపు ఆలోచించి, ఇరుగుపొరుగువారిని పేరంటమునకు పిలిచి చూపు గృహిణి చేయుచున్నది కళాప్రదర్శనము గాక మఱేమి? ప్రదర్శనమనునది పట్నపువారి వేడుకయని తలచువారు ఈ విషయమును ఒక్కింత యోచింపవలెను.

ఆ కొలువులోని ఏనుగు అంబారియు, దశావతారములును, తాడిచెట్టెక్కు గీతవాడును కొండపల్లినుండి వచ్చినవే. కొండపల్లి మనకు పొరుగూరు. కొని తెచ్చి అలమరలో నుంచుకొనుటయే కాని, ఆ బొమ్మ యెట్లు పుట్టుచున్నదో దగ్గఱ నిలిచి చూచినవారు మనలో ఎందఱు? తెల్లపొణికి కఱ్ఱను ఎండబెట్టి, సెగ చూపించి తేమ పోగొట్టి, కాలు సేతులను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, దానిపై రంగులు తీర్చుదురు. రంగు పడక పూర్వము సున్నపు తెలుపుతో నిలిచిన ఆ బొమ్మకు ఒక విచిత్రమైన శాంతముండును. మాకు రంగుల బొమ్మకంటె అదియే యెక్కువ ప్రియము. పచ్చి కఱ్ఱ మొదలు ముగిసిన బొమ్మ వఱకు గల ఈ దశలన్నిటిని ఒకే బల్లపై వరుసగా నిలిపి, చేసినవారిని ఆ ప్రక్కనే కూర్చుండబెట్టి చూపవలెనని మా సంకల్పము. తెల్లపొణికి చెట్లు అడవులలో నానాటికి అరుదగుచున్న ఈ కాలమున ఇది వినోదమాత్రము కాజాలదు.

మన ప్రాంతమునకు కళ క్రొత్త కాదు. ఇచట పుట్టినది ఇచటివారి కంట పడకుండుటయే మనకు చిరకాలపు దురదృష్టము. కృష్ణాతీరపు శిల్పులు సున్నపుఱాతిపై మలచిన అమరావతి ఫలకములలో పెక్కింటిని చూడగోరినచో చెన్నపట్టణమునకో లండనునకో పయనము కట్టవలెను. గుడివాడలో జన్మించి, లండనులోని స్లేడు కళాశాలలో అభ్యసించి, పద్మశ్రీ పురస్కారము నందిన ఎస్.వి. రామారావుగారి వర్ణచిత్రములను ఈ ప్రాంతమున పుట్టినవారెందఱు కన్నులార చూచిరి? బందరున 1910లో కోపల్లె హనుమంతరావుగారు మున్నగు దేశభక్తులు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, వంగదేశమునుండి ప్రమోదకుమార ఛటోపాధ్యాయులను రప్పించి చిత్రలేఖనము నేర్పింపగా, అడివి బాపిరాజుగారివంటివారు ఆయన శిష్యులైరి. ఆ కళాశాల పేరు విన్నవారు పెక్కండ్రు గలరు. అచటివారు వ్రాసిన చిత్రముల యెదుట నిలిచినవారు మిక్కిలి కొలదిమంది.

దీనికి భిన్నముగా రాజమహేంద్రవరమున జరిగినదానిని కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. దామెర్ల రామారావుగారు 1897లో పుట్టిరి. అచటి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగానుండిన ఆస్వాల్డు కూల్డ్రేదొర ఆ బాలుని చేతినేర్పును గుర్తించి ప్రోత్సహించుటచేత ఆయన బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, కీర్తి గడించి, బొంబాయిలోనో కలకత్తాలోనో సుఖముగా నుండదగినవాడయ్యు స్వస్థలమునకు మరలివచ్చి, యువకులను చేరదీసి చిత్రకళ నేర్పెను. 1925లో మశూచికము ఆయనను కబళించునప్పటికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. అంతటితో ఆ చిత్రములు తలకొకటిగా చెదరిపోయియుండవలసినదే. కాని మిత్రుడు వరదా వేంకటరత్నముగారు ఆయన మొదలిడిన పనిని ఎత్తుకొనిరి. రామారావుగారి భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును తామును చిత్రకారిణులు. వీరి పూనికవలన ఆ కృతులు ఒక్కచోట నిలిచి, నేడు ఆయన పేరిటి చిత్రకళామందిరమున గోదావరికి యాత్ర పోయిన సామాన్యునికి సైతము దర్శనమిచ్చుచున్నవి. "పుష్పాలంకారము" నెదుట నిలిచి, ఆ స్త్రీల మెడవంపులలోను చీరకుచ్చెళ్ళలోను రేఖ యెచటను తొట్రుపడక సాగిన తీరును చూచినవారికి, ఆ పటము ఆ యూరిలోనే యుండుట యెంత భాగ్యమో వేఱుగ చెప్పనక్కఱలేదు. అచట ఆదిలో ఉన్నది ధనము కాదు, ఒక మిత్రుని పట్టుదల.

మైలవరమునకును కళాపోషణలో పేరు లేకపోలేదు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో మైలవరము రాజావారి ప్రాపున నడచిన నాటకసమాజము ఆంధ్రదేశమంతట మ్రోగినది. యడవల్లి సూర్యనారాయణగారివంటి నటులు ఆ సమాజమున వెలుగొందిరి. ఆ నాటి నాటకములకు తెరలుండెడివి: అంతఃపురము, అడవి, రాజవీథి, కారాగృహము. పద్యము చదివిన నటుని పేరు చరిత్రకెక్కినది. ఆయన వెనుక అడవిని సృజించినవానిని తలచువారరుదు.

ఆ తెరలు వ్రాసినవారి వారసులవంటివారు నేటికిని మన బజారులో గలరు. సుద్దపిండి అద్దిన దారమును గోడకు బిగించి ఒక్కమాఱు విదల్చి గీత పడవేసి, ఎడమచేతి కఱ్ఱపై కుడి మణికట్టు నానించి, దుకాణపు పేరులోని తలకట్టును ఊపిరి బిగబట్టి ఒక్క యూపున తిప్పు ఆ నేర్పు ఏ కళాశాలలో నేర్చినది? ఫ్లెక్సీ వచ్చినతోడనే వారి చేతిపని పోయినది. కొందఱు ఇండ్లకు సున్నములు వేయుచున్నారు, కొందఱు ఎన్నికలనాడు గుర్తులు వ్రాయుచున్నారు. వీరిలో పలువురు రాత్రులందు తమ కొఱకు తాము బొమ్మలు వేసికొందురని ఎఱుగుదుము. మా ప్రదర్శనమున వారి పటములు మొదటి గోడనే యుండవలెను. పాఠశాలల డ్రాయింగు మాస్టరులవియు, పెడన కలంకారీ అచ్చులు చెక్కువారి పనియు, పెండ్లికి ముందు చిత్రములు వ్రాసి తరువాత మానుకొన్న యిల్లాండ్రవియు తరువాతి గోడలపై నుండును. పెట్టెలలో దాగిన ఆ యిల్లాండ్ర చిత్రములను దయచేసి వెలికి తీయుడు. "అవి యేమి బొమ్మలు లెండి" యని వారనినను వినవలదు.

ఇక నియమములు కొన్ని. ప్రతి పటము క్రింద చిత్రకారుని పేరు, ఊరు, వాడిన రంగు, వెల వ్రాయబడును. అమ్ముడుపోయినచో ఆ వెల యావత్తును వ్రాసినవానికే చెందును. కూరగాయల యంగడిలోవలె బేరమాడవలదు. పటములపై సూటిగ ఎండ పడరాదు గనుక ఉత్తరపు కిటికీలు గల గది యైనచో శ్రేష్ఠము. ఉపాధ్యాయులు ఒకేమాఱు బడియంతటిని తోలుకొని రాక తరగతికొక పూట చొప్పున తెచ్చినచో పిల్లలు ఏదైనను చూడగలుగుదురు. ప్రారంభోత్సవమున ఉపన్యాసములు అరగంట మీఱరాదు. శాలువలు అసలే వలదు. దాతల నిలువెత్తు ఫ్లెక్సీలను చిత్రముల సరసన కట్టుటకు మేమంగీకరింపము, వారెంతటివారైనను సరే.

విదేశములనున్న మిత్రులారా, సంక్రాంతికి వచ్చినప్పుడు మీరు మరలిపోవు పెట్టెలో పచ్చళ్ళ ప్రక్కన చుట్టిన కాగితమొకటి పట్టును. న్యూజెర్సీలోని మీ గోడకు మీ యూరివాడు వ్రాసిన మీ యూరి చెఱువొకటి వ్రేలాడదీయుడు. దాని మూల్యము ఒక పూట విందుకయ్యెడి వ్యయమును మించకపోవచ్చును.

మండపములు గలవారును, ఖాళీ యిండ్లు గలవారును, పటములు తేదలచినవారును కార్తికమాసము ముగియకమునుపే మాకు తెలియజేసినచో, గది కొలతలనుబట్టి ఏది యెచట నుంచవలెనో మార్గశిరమున నిర్ణయించుకొందుము. మేకులు, త్రాళ్ళు, నిచ్చెన, వెల్లవేయుటకు సున్నము మేమే తెచ్చుకొందుము. పదునొకండవ దినమున మేకుల రంధ్రములు పూడ్చి, మరల వెల్లవేసి, తాళపుచెవి మీ చేతికిత్తుము.