వేళ్లతో చదవడం మాన్పించకండి

మా కంటి విభాగానికి వచ్చే తల్లిదండ్రులు కొందరు, "సిస్టర్, ఫోనే పాఠం చదివి వినిపిస్తుంటే మా పిల్లవాడికి ఇంకా బ్రెయిలీ ఎందుకండీ?" అని అడుగుతున్నారు. ప్రత్యేక పాఠశాలలో చేర్చి కూడా ఆ చుక్కలు అక్కరలేదనేవారున్నారు. ఇది సరికాదని మా అభిప్రాయం.

వినడం వేరు, చదవడం వేరు. "శేషం" అన్నప్పుడు శ, ష చెవికి దాదాపు ఒకటే. వేలికి మాత్రం వేరువేరు. 1951లో మన దేశ భాషలకు ఖరారైన భారతి బ్రెయిలీలో "కి" రాయాలంటే ముందు "క", తరువాత "ఇ" గుచ్చాలి. గుణింతం అలా మనసుకెక్కుతుంది. విని మాత్రమే పెరిగిన పిల్లలకు మాటలు వస్తాయి, రాత రాదు. లెక్కల సంగతి సరేసరి!

కష్టం లేదనడం లేదు. పలకలో కాగితం బిగించి కుడి నుండి ఎడమకు గుచ్చాలి, కాగితం తిప్పి ఎడమ నుండి చదవాలి. అందుకే మంచి టీచర్లు మొదటే చుక్కలు ఇవ్వరు. పూసలు గుచ్చిస్తారు, కందులూ పెసలూ వేరు చేయిస్తారు. (నాడి చూసే మాకు వేలికొస విలువ తెలుసు.) ఇది మీ ఇంట్లోనూ చేయించవచ్చు.

ఫోను కథలకు, వార్తలకు ఉండనివ్వండి. బ్రెయిలీ వచ్చిన టీచర్లను నియమించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. కనుక బడిలో చేర్చేటప్పుడు మొహమాటపడక, రోజూ ఎంతసేపు బ్రెయిలీ చదివిస్తారో అడగండి.