పడి లేచే విద్య

సైకిలుతో విన్యాసాలు చేసే బాలుణ్ణి చూడగానే చదువు సంధ్యలు లేని ఆకతాయి అని ముద్ర వేయడం మన సమాజంలో పరిపాటి. ఈ అభిప్రాయంలో కొంత సత్యం లేకపోలేదు. నడిరోడ్డుమీద ముందు చక్రం పైకెత్తి దూసుకుపోవడం సాహసం కాదు, అవివేకం. అయితే స్థలం తప్పయినంత మాత్రాన విద్య తప్పు కాదు.

బి.ఎం.ఎక్స్. అనే ఈ క్రీడ 1970వ దశకం తొలినాళ్లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. మట్టిదారులపై మోటారు సైకిలు పందేలను చూసి ముచ్చటపడిన పిల్లలు తమ చిన్న సైకిళ్లపై వాటిని అనుకరించడమే దీనికి నాంది. 20 అంగుళాల చక్రాలు, దృఢమైన చట్రం ఈ సైకిలు లక్షణాలు. పందెం రూపంలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లోను, విన్యాసాల రూపంలో 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోను ఈ క్రీడకు స్థానం లభించింది.

తొలుత నేర్చే విన్యాసాలలో ‘బన్నీ హాప్’ ఒకటి. కుందేలు గంతువలె సైకిలుతో సహా నేలనుండి ఎగరడమే ఇది. పెడళ్లను సమానంగా ఉంచి, వాటిపై నిలబడి, మోకాళ్లు, మోచేతులు వంచాలి. శరీర భారాన్ని వెనుకకు వాల్చి హ్యాండిల్‌ను లాగితే ముందు చక్రం లేస్తుంది. వెంటనే పైకి ఎగిరి, హ్యాండిల్‌ను ముందుకు నెట్టుతూ కాళ్లు ముడుచుకొంటే వెనుక చక్రం దానిని అనుసరిస్తుంది. చెప్పడం సులభం; సాధించడం కష్టం. వివేకం గల అభ్యాసకుడు ముందు చక్రాన్ని, వెనుక చక్రాన్ని విడివిడిగా ఎత్తడం నేర్చిన పిదపనే రెండింటినీ జోడిస్తాడు. అతనికి మొదటి అడ్డంకి నేలపై గీసిన సుద్దగీత, తరువాత కర్రముక్క, ఆ తరువాతనే ఇటుక.

భారతం ఆదిపర్వంలో అర్జునుడు చీకటిలో భుజిస్తూ, అలవాటు వలన చేయి తనంతట తానే నోటిని చేరుతున్నదని గ్రహించి, రాత్రివేళ విలువిద్య సాధన చేశాడు. అభ్యాసం కూసువిద్య అన్న సామెతకు అర్థమిదే. దేహం నేర్చిన పాఠం పుస్తకంలో దొరకదు.

ఈ క్రీడ నేర్పే మరొక పాఠం మన విద్యార్థులకు అత్యవసరం. టోక్యోలో ఒక్కొక్కరికి 60 సెకన్ల చొప్పున రెండు అవకాశాలిచ్చి, అందులో మెరుగైనదానినే లెక్కించారు. బ్రిటన్ క్రీడాకారిణి షార్లెట్ వర్తింగ్టన్ మొదటిసారి, గాలిలో వెనుకకు పల్టీ కొడుతూ ఒక పూర్తి చుట్టు తిరగబోయి, పడిపోయింది. రెండవసారి ఆమె సులభమైన మార్గం వెతకలేదు. అదే విన్యాసాన్ని సాధించి 97.50 మార్కులతో స్వర్ణం గెలుచుకొంది. పరీక్షలో ఒక్కసారి తప్పితే బ్రతుకే ముగిసిందని భావించే లేత మనసులకు ఇంతకన్న ఊరట ఏముంటుంది? పడటం అవమానం కాదని ముందుగా తెలుసుకొనేది మోకాళ్లే.

ఇంటర్మీడియట్ చదువుకు రెండేళ్లు చాలవు, ఆటలకు తీరికేది అని తల్లిదండ్రులు ప్రశ్నించవచ్చు. వారి ఆందోళన న్యాయమైనదే. కాని పగలంతా బల్లకు అతుక్కొన్న విద్యార్థికి సాయంకాలం ఒక అరగంట వ్యాయామం చదువుకు ఆటంకం కాదు, ఆసరా.

జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలు కృష్ణా మెట్ట ప్రాంతంలోనివి. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. విజయవాడ–హైదరాబాదు జాతీయ రహదారి ఈ రెండింటినీ కలుపుతుంది. సిమెంటు లారీలు, బస్సులు పరుగులు తీసే ఆ దారి సాధనకు తగదు. చివర చేరినవాడే గెలిచే నెమ్మది సైకిలు పందెం మన తెలుగు పాఠశాలలకు కొత్త కాదు. ఆ సంప్రదాయానికి ఇది కొనసాగింపు. ఒక చదునైన నేల, రెండు మట్టిదిబ్బలు, తలకు హెల్మెట్, మోకాళ్లకు, మోచేతులకు రక్షణ కవచాలు, పర్యవేక్షించే ఒక పెద్ద ఉంటే చాలు. స్థానిక సంస్థలు, కళాశాలలు కలిసి తలచుకొంటే ఇది అసాధ్యం కాదు.

పడటానికి భద్రమైన చోటు చూపకుండా, పడవద్దని మాత్రమే బోధించే సమాజం పిల్లలకు లేవడం నేర్పలేదు.