గుఱి మనది, గొట్టము పరులది

ఒక జాతి స్వాతంత్ర్యమును కొలుచుటకు పతాకము, పార్లమెంటు, నాణెము అనునవి కంటికి కనబడు కొలతలు. కంటికి కనబడని కొలత మఱియొకటి కలదు. వెండ్రుకవాసి తేడా రాకుండ ఇనుమును తొలుచుట ఆ జాతి చేతికి వచ్చునా, రాదా అనునదియే అది. ఈ కొలతకు రైఫిలును మించిన ఒరగల్లు లేదు. నూఱు గజముల దూరమునుండి వేసిన అయిదు గుండ్లును ఒక అంగుళపు వలయములో పడవలయునన్నచో గొట్టము, బోల్టు, మీట, మడమ, దుర్భిణి అను నీ యయిదింటిలో ఏ యొక్కటియు బొంకరాదు. కావున రైఫిలును గూర్చి వ్రాయుట యనగా హింసను గూర్చి వ్రాయుటయే యని తలంచు పాఠకులు ఒకింత ఓర్పు వహింతురు గాక. మేము వ్రాయునది పనితనమును గూర్చి, ఆ పనితనమును మన చేతులనుండి లాగికొన్న శాసనమును గూర్చి.

నిన్నమొన్నటివఱకు అంతటి గుఱి శ్రీమంతుల సొత్తుగా నుండెను. పేరొందిన పనివాడు నెలల తరబడి చేతితో అమర్చిన రైఫిలు మాత్రమే దానిని చూపగలిగెడిది. అమెరికాలో ఈ గోడ కూలినది. ఎట్లు కూలినది? 1958లో వచ్చిన సావేజ్ 110 నమూనాలో గొట్టమును ఒక నట్టుతో బిగించిరి. దానివలన గొట్టము మార్చుట సామాన్యునికిని సులువైనది. 1962లో రెమింగ్టన్ 700 వచ్చినది. దాని కొలతలకు సరిపడు మీటలను, మడమలను, గొట్టములను చిన్నచిన్న కార్ఖానాలవారు చేసి అమ్మసాగిరి. 2015లో రూగర్ కంపెనీవారు 1,399 డాలర్ల ధర పెట్టి ‘ప్రెసిషన్ రైఫిలు’ను విడుదల చేసిరి, దాని పిడిని, మడమను, గొట్టమును కొన్నవాడే తన ఇచ్చకొలది మార్చుకొనవచ్చును. రెమింగ్టన్ కంపెనీ 2018లో ఒకసారి, 2020లో మఱియొకసారి దివాలా తీసినది. అయినను 700 నమూనా చావలేదు. ఏలయన, కంపెనీ ఒకరిదే గాని ఆ నమూనామీద బ్రదుకు కార్ఖానాలు పెక్కు. చౌక రైఫిలునకు గుఱి నిచ్చినది ఒక మహాయంత్రశాల కాదు. విడిభాగములు చేయు చిన్న పనివారి సమూహము.

ఇంతమాత్రమున అమెరికావారి తుపాకి స్వేచ్ఛను మేము కోరుచున్నామని ఎవ్వరును అనుకొనవలదు. పాఠశాలలలో పసిబిడ్డల నెత్తురు చిందు ఆ స్వేచ్ఛ మన కక్కఱలేదు. హంస నీటిని విడిచి పాలు గ్రోలినట్లు, అచ్చటి అంగడిని విడిచి అచ్చటి కార్ఖానాను గ్రహింపుడనియే మా మాట.

మన సీమకు ఈ విద్య క్రొత్తది కాదు. మదనపల్లెకు కూతవేటు దూరమున నున్న గుఱ్ఱంకొండ దుర్గము హైదరు, టిప్పుల యేలుబడిలో నుండినది. టిప్పుకాలమున శ్రీరంగపట్టణపు కార్ఖానాలలో తయారైన తుపాకులు నేటికిని ఇంగ్లండు ప్రదర్శనశాలలలో అద్దాలవెనుక మెఱయుచున్నవి. మైసూరు రాకెట్లను చూచియే కాంగ్రీవు తన రాకెట్లను చేసెను. అట్టి సీమలో పాళెగాండ్రను అణచిన కుంపిణీవారు మొదట చేసినపని కోటలను పడగొట్టి ఆయుధములను ఊడ్చుకొనిపోవుట. పిదప 1878లో లిట్టన్ ప్రభువు కాలమున వచ్చిన ఆయుధ శాసనము దేశమునకంతకును ఆ పనిని శాశ్వతము చేసినది. తెల్లవానికి మినహాయింపు, నల్లవానికి లైసెన్సు! అహింసామూర్తియగు గాంధీ మహాత్ముడు సైతము ఆ శాసనమును తీవ్రముగా గర్హించెను. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చెను. 1948 డిసెంబరులో ఆ హక్కును రాజ్యాంగమున చేర్పుడని కామత్‌గారు సవరణ తెచ్చిరి. సభ దానిని త్రోసిపుచ్చినది. త్రోసిపుచ్చుటకు కారణములు లేకపోలేదు; దేశము అప్పుడు నెత్తుటిమడుగులో నుండెను. కాని హక్కును నిరాకరించినవారు పనితనమునుగూడ నిరాకరింపవలయునా?

మన నేటి ఆయుధ శాసనము 1959 నాటిది. అందలి 2వ సెక్షను చదివినవారికి తెలియును. ఆయుధ మనగా తుపాకి మాత్రమే కాదు, దాని భాగములును ఆయుధమే, ఆ భాగములు చేయు యంత్రమును ఆయుధమే. 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేనిదే వాటిని చేయరాదు, అమ్మరాదు, మరమ్మతుగూడ చేయరాదు. 45వ సెక్షనులో స్వల్పభాగములకు మినహాయింపు కలదు. కాని ఆ భాగము దానికి జోడైన తక్కిన భాగములతో కలిపి వాడుటకు ఉద్దేశింపబడనప్పుడు మాత్రమే. అనగా పనికిరాని ముక్కకు స్వేచ్ఛ, పనికివచ్చు ముక్కకు సంకెల! గుండును నడిపించు గొట్టమునకును, భుజమునకు ఆనించు కఱ్ఱమడమకును శాసనము స్పష్టముగా ఒక గీటు గీయలేదు. ఏది స్వల్పమో ఏది ప్రధానమో పోలీసు పంచనామా వ్రాయువాని చిత్తమునకు వదలినది. గీటు లేనిచోట భయము గీటుగీయును. నిజాయితీపరుడగు పనివాడు ఆ భయముచేత దూరముగా తొలగును. నిజాయితీ లేనివాడు చీకటిలో చొరబడును. మేము న్యాయస్థానములలో నిత్యము చూచుచున్నది ఇదియే.

ఈ గీటులేమికి మూల్యము చెల్లించువారెవరు? మొదటివాడు విద్యార్థి. 2008లో బీజింగులో బింద్రా బంగారు పతకమును, 2012లో లండనులో మన హైదరాబాదు గగన్ నారంగ్ కంచు పతకమును 10 మీటర్ల ఎయిర్ రైఫిలుతోనే గెలిచిరి. 2024లో పారిసునందు కుసాలే అను రైల్వే ఉద్యోగి 50 మీటర్ల రైఫిలు పోటీలో కంచు తెచ్చెను. గుఱి మనకు కలదనుటకు ఇంకేమి సాక్ష్యము కావలయును? కాని అట్టి పోటీలలో కానవచ్చు రైఫిళ్ళు ఎవ్వరివి? వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు, ఆన్షుట్జ్ జర్మనీవి, స్టైర్ ఆస్ట్రియాది, బ్లైకర్ స్విట్జర్లాండుది. వీటి ధర లక్షల రూపాయలు. మీట చెడిన అక్కడినుండి రావలయును. మడమ పొట్టిదైన అక్కడినుండి రావలయును. టమాటా ధర పడిపోయిన యేడు కళాశాల ఫీజునకే తడుముకొను మదనపల్లె రైతుబిడ్డ ఈ పోటీ వాకిటికైనను ఎట్లు చేరును? 13వ సెక్షను చూడుడు: గుర్తింపుపొందిన రైఫిల్ క్లబ్బు సభ్యునికి గుఱి అభ్యాసమునకై లైసెన్సు నీయవలయునని అందు కలదు. శాసనము తలుపు తెఱచియే యున్నది. లోపలికి పోవుటకు చేతిలో రైఫిలు లేదు. పుంగనూరులోను కుప్పములోను సామాన్యునికి అందుబాటులో ఎన్ని క్లబ్బులు కలవో పాఠకులే లెక్కింతురు గాక.

రెండవవాడు కృషీవలుడు. పుంగనూరు మెట్టపొలములలో వేరుసెనగ ఊడ దిగినది మొదలు అడవిపందుల మంద ఒక్కరాత్రిలో చేనిని దున్నివేయును. కుప్పమువైపు కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు ఉండనే యున్నవి. వాటిపై తుపాకి యెత్తుమని మేము కలనైన అనము. పందిని కొట్టుటయు 1972 నాటి వన్యప్రాణి శాసనము ప్రకారము అనుమతి పొందినపిదపనే జరుగవలయును. ఆ అనుమతి దొరికినను రైతు చేతికి శాసనము ఇచ్చునదేమి? పంట కాపుదలకై గొట్టము మూతినుండి మందు కూరు తుపాకి! అది చాలదని అధికారికి తోచిన, నున్నని గొట్టపు మఱియొక తుపాకి. గొట్టములో మెలిగాళ్ళు లేనిది గుఱి నిలువదు. గుఱి నిలువనిది మృగము చావదు. గాయపడి పొదలో పడి మూడుదినములు యాతనపడును, లేక మనిషిమీదికి తిరుగును. చంద్రునిపై నౌక దింపిన దేశము తన రైతునకు టిప్పు సుల్తాను నాటి గజముకడ్డీ నిచ్చి కూర్చుండబెట్టినది! విసిగినవాడు పొలముచుట్టును కరెంటు తీగె పన్నును. ఆ తీగెకు పంది, ఏనుగు, పొరుగురైతు అను భేదము తెలియదు.

మూడవవాడు పనివాడు. కుప్పమునుండి యువకులు రైలెక్కి బెంగుళూరు కార్ఖానాలకు పోవుచున్నారు. విమానభాగములు, మోటారుభాగములు తొలుచు యంత్రములముందు నిలుచుచున్నారు. ఆ చేతికి రైఫిలు మీట అసాధ్యమా? దృష్టాంతము కంటియెదుటనే యున్నది. బెంగుళూరున స్ప్రింగులు చేయుటలో పేరొందిన స్టంప్, షూలె అండ్ సోమప్ప సంస్థనుండియే ఎస్.ఎస్.ఎస్. డిఫెన్స్ పుట్టి సైన్యమునకు పనికివచ్చు దూరపుగుఱి రైఫిళ్ళను నిర్మించినది. ముంబయి చెంత అంబర్‌నాథున లోతు రంధ్రములు తొలుచు యంత్రములు చేసిన ప్రెసిహోల్‌వారే ఎయిర్ రైఫిళ్ళు చేయుచున్నారు. స్ప్రింగు తెలిసినవాడు రైఫిలు చేసెను. తొలిపి తెలిసినవాడు గొట్టము చేసెను. సర్కారువారి కార్ఖానాలు మాత్రము సామాన్యునికై ఏండ్లతరబడి .315 బోరు రైఫిలును పోత పోయుచు వచ్చినవి. అది సైనికుల .303 తూటాను నల్లవానికి అందనీయరాదన్న దొరతనపు భీతికి పుట్టిన బిడ్డ. దొర పోయెను; ఆతని భీతి మన అచ్చులో మిగిలెను.

ఆక్షేపించువారు ఇట్లందురు: “భాగములు తేలికగా దొరికిన దుర్మార్గుని చేతికి తుపాకి పోదా?” ఈ ప్రశ్న తేలికైనది కాదు, దీనిని త్రోసివేయుట మా మతము కాదు. కాని దుర్మార్గుడు నేడు దేనితో పనిచేయుచున్నాడు? నాటు తుపాకితో. దానికి అంకె లేదు, చేసినవాని పేరు లేదు, పరీక్ష లేదు. ఒక్కొక్కప్పుడు పేల్చినవాని చేతిలోనే పగులును. అంకె వేసిన గొట్టము పోలీసునకు సాక్షి; అంకెలేని గొట్టము హంతకునకు మిత్రము. పొరుగుననున్న కొడగువారికి అనుశ్రుతముగా లైసెన్సు మినహాయింపు కలదు. కేంద్రప్రభుత్వము దానిని 2029 వఱకు పొడిగించినది. అంతమాత్రమున కొడగుసీమ అరాచకమైనదని ఎవరనిరి? మఱికొందఱు “విదేశములనుండి తెప్పించుకొనిన చాలదా?” అందురు. ఖద్దరుకాలమునను ఈ మాటయే అనిరి: మాంచెస్టరు బట్ట సన్నము, చౌక, ఏల ఈ రాట్నమని. వారికి మేము పుంగనూరు ఆవును చూపుదుము. పొట్టిదని, పాలు తక్కువని, సీమజాతి సంకరముల వెంటబడి ఆ జాతిని అంతరించుదనుక తెచ్చిరి. ఇప్పుడో, దానికై దేశమంతయు పరువెత్తుచున్నది. చిన్నదానిని చిన్నదను నెపమున చంపుకొనుట, పోయినపిదప వెలపెట్టి వెదకుట మనకు వాడుకయైనది. దేశీయ రైఫిలు విషయమునను ఇదియే జరుగనున్నదా?

మేము కోరునది మూడుమాటలు. శాసనమున గీటు గీయుడు: గొట్టము, బోల్టు, వాటిని పట్టియుంచు చట్రము ఈ మూటికి అంకె, లైసెన్సు, ఖాతా ఇంకను కఠినముగా నుండనిండు, మడమ, పిడి, దుర్భిణి బిగించు పట్టీ మొదలగు చంపలేని భాగములను పనివానికి వదలుడు. రెండవది, ఎయిర్ రైఫిలుతో మొదలిడుడు. 4.5 మిల్లీమీటర్ల బోరును, 20 జౌళ్ళ శక్తిని మించని ఎయిర్ రైఫిలును ఉంచుకొనుటకు లైసెన్సు అక్కఱలేదు. దానికి కళాశాలలవారందఱు ఒక్క కొలతను ఒప్పుకొనిన, ఆ కొలతకు మడమలను మదనపల్లె వడ్రంగి చేయగలడు, మీటలను కుప్పము ఫిట్టరు చేయగలడు. మూడవది, పంట కాపుదల లైసెన్సును గజముకడ్డీ కాలమునుండి విడిపింపుడు. అటవీశాఖవారి అనుమతితో, వారి శిక్షణ పొందినవారికి మాత్రమే, ఊరికొక్కటిగా గుఱి నిలుచు రైఫిలు నొసగుడు. అది పోలీసు ఠాణాలో భద్రముగా నుండి, పనివేళ బయటికి వచ్చును.

మూడు ఊళ్ళ యువకులారా! ఆయుధము పట్టుమని మేము మిమ్ము పిలుచుట లేదు. ఆకురాయి పట్టుమని పిలుచుచున్నాము. శాసనసభ్యులారా! లిట్టన్ ప్రభువు భయమును ఇంకెన్నాళ్ళు మీ దస్త్రములలో మోయుదురు? గుఱి చూచు కన్ను మన బిడ్డకు దైవమిచ్చెను. గొట్టము తొలుచు చేతిని మాత్రము మనమే కట్టివేసితిమి. కట్టినవారే విప్పవలయును.