విషాదానికీ ఒక పీట

భావానికి రూపు కట్టటం తెలుగు సాహిత్యానికి కొత్త విద్య కాదు. 11వ శతాబ్దిలో కృష్ణమిశ్రుడు సంస్కృతంలో రచించిన ‘ప్రబోధచంద్రోదయం’ నాటకంలో మహామోహుడు ఒక రాజు. కామక్రోధలోభాదులు అతని పరివారం. ప్రతిపక్షానికి వివేకుడు ప్రభువు. శ్రద్ధ, శాంతి, కరుణ, మైత్రి స్త్రీమూర్తులై రంగస్థలం మీదికి నడచి వస్తారు. 15వ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు ఈ నాటకాన్నే తెలుగు కావ్యంగా సంతరించారు. కంటికి కనబడని మనోవికారాలకు కాళ్లూ చేతులూ కల్పించి, వాటి చేత మాట్లాడించి, పోట్లాడించి చూపితే గాని సామాన్యునికి తన మనస్సు తనకు బోధపడదని ఆ కవులు ఎరుగుదురు.

ఈ పాతవిద్యనే 2015వ సంవత్సరంలో అమెరికాలోని పిక్సార్ సంస్థ బొమ్మల చలనచిత్రంగా మలచింది. పీట్ డాక్టర్ దర్శకత్వం వహించిన ‘ఇన్‌సైడ్ అవుట్’ అనే ఆ చిత్రానికి కథాస్థలం రైలీ అనే పదకొండేళ్ల బాలిక మనస్సు. ఆనందం, విషాదం, భయం, జుగుప్స, కోపం అనే అయిదు భావాలు అయిదు పాత్రలై ఆ మనోరాజ్యాన్ని ఏలుతూ ఉంటాయి. దీని నిర్మాణంలో పాల్ ఎక్‌మన్, డాకర్ కెల్ట్‌నర్ వంటి మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల సలహా తీసుకొన్నారు. అందుచేత ఇది పసిపిల్లల కాలక్షేపమని త్రోసివేయటానికి వీలులేదు. అయిదింటిలోనూ పెద్దల విచారణకు ఎక్కువగా అర్హమైనది విషాదపాత్ర.

ఆ పాత్ర రూపకల్పనే ఆలోచింపజేస్తుంది. పొట్టి శరీరం, కళ్లకు గుండ్రని అద్దాలు, మెడ దాకా కప్పిన ఉన్నిచొక్కా, ఒళ్లంతా నీలవర్ణం. భరతముని నాట్యశాస్త్రంలో రసాలకు రంగులు నిర్ణయించాడు. రౌద్రానికి ఎరుపు, హాస్యానికి తెలుపు, భయానకానికి నలుపు, కరుణకు పావురపు బూడిదవన్నె. కోపానికి ఎరుపే తగునని భరతునికీ, పిక్సార్ చిత్రకారులకూ సమంగా తోచింది. శోకాన్ని ఆయన పావురంలో చూస్తే వారు నీలంలో చూశారు. రంగు ఏదైనా, శోకానికి మిరుమిట్లు గొలిపే వన్నె తగదన్న ఎరుక ఇద్దరిలోనూ ఒక్కటే.

కథలో రైలీ కుటుంబం మిన్నెసోటా విడిచి శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి తరలిపోతుంది. విషాదం తాకిన ప్రతి జ్ఞాపకమూ నీలంగా మారిపోతున్నదని భయపడిన ఆనందం, నేలమీద ఒక గీత గుండ్రంగా గీసి, దానిని దాటి రావద్దని విషాదాన్ని శాసిస్తుంది. ఇళ్లలోను, బడులలోను పెద్దలు నిత్యం చేసే పని ఇదే. “ఊరుకో, ఏడవకు, నవ్వు” అనటం ఆ గీత గీయటమే.

బింగ్ బాంగ్ అనే పాత్ర రైలీ పసితనపు ఊహలోని స్నేహితుడు. వాడు ప్రాణప్రదంగా చూసుకొనే ఆటబండి పారవేయబడినప్పుడు వాడు కూలబడిపోతాడు. ఆనందం వానిని నవ్వించటానికి శతవిధాల ప్రయత్నించి విఫలమవుతుంది. విషాదం వచ్చి ప్రక్కన కూర్చుంటుంది. పోయినదానిని గురించి అడుగుతుంది, చెప్పినదంతా వింటుంది. వాడు కన్నీరు కార్చి, లేచి నిలబడి నడక సాగిస్తాడు. అక్కడ విషాదం ఏ ఉపదేశమూ చేయలేదు. ఉపకారం మాత్రం చేసింది. చివరకు రైలీ తల్లిదండ్రుల ఎదుట ఏడ్చి, పాత ఊరు జ్ఞాపకం వస్తున్నదని ఒప్పుకొన్నప్పుడే ఆ ముగ్గురూ తిరిగి ఒకటవుతారు. ఏడుపు సహాయాన్ని పిలిచే పిలుపు అన్నది ఈ పాత్ర చెప్పే సత్యం. పిలుపును నొక్కివేస్తే సహాయం ఎక్కడనుంచి వస్తుంది?

ఇక్కడ పాతనాటకానికీ కొత్తచిత్రానికీ ఒక భేదం గమనించదగినది. ‘ప్రబోధచంద్రోదయం’ లక్ష్యం మోక్షం. అందుచేత అందులో మోహుని పక్షం ఓడితీరాలి. చిత్రం లక్ష్యం ఒక బాలిక జీవనం. ఇందులో ఏ భావమూ హతం కాదు, ప్రతిదానికీ ఒక పీట దొరుకుతుంది. అయినా ఆ నాటకంలోనే శాంతి తన తల్లియైన శ్రద్ధను పోగొట్టుకొని, శోకిస్తూ వెదకేటప్పుడు ఆమె వెంట నడచినది కరుణ. దుఃఖితురాలి ప్రక్కన మరొకరు ఉండాలన్న సంగతి కృష్ణమిశ్రుడు మరువలేదు.

పలనాటిలో ఈ మాటకు ప్రత్యేకమైన అవసరం కలదు. పలనాడు అనగానే పౌరుషమంటారు. కోడిపోరు, నాగమ్మ పంతం, బ్రహ్మనాయుని దీక్ష, బాలచంద్రుని సాహసం పిల్లలు ఉగ్గుపాలతో వినే కథలు. “పలనాటి బిడ్డవు, ఏడుస్తావా?” అని మగపిల్లవానిని గద్దించటం పెద్దలకు సులభం. కాని 12వ శతాబ్ది నాటి ఆ వీరగాథను చెవియొగ్గి విన్నవారికి వినిపించేది కత్తుల చప్పుడొక్కటే కాదు. రాయబారిగా వెళ్లిన అలరాజు మరణిస్తే కుమిలిపోయిన పేరిందేవి శత్రుపక్షపు నలగామరాజు కుమార్తె. ఒకే మరణం రెండు శిబిరాలలోనూ శోకం నింపింది. కొడుకును యుద్ధానికి పంపలేక తల్లడిల్లిన ఐతాంబ, వీరతిలకం దిద్ది భర్తను సాగనంపిన మాంచాల లేకపోతే బాలచంద్రుని కథలో మిగిలేది ఒక మొండి కుర్రవాడు మాత్రమే.

కారెంపూడిలో నాగులేటి ఒడ్డున ప్రతి కార్తికమాసాంతంలో జరిగే వీరుల తిరునాళ్లు దీనికి నిదర్శనం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు దినాలు ఆ కథ తిరిగి జరుగుతుంది. వీరవిద్యావంతులు గానం చేస్తుంటే వేల జనం వింటారు. గెలిచినవారి జయోత్సవమైతే అది ఇన్ని శతాబ్దాలు నిలిచేది కాదు. అది పడిపోయినవారిని తలచుకొనే ఉత్సవం. ఒక సీమ అంతా కలిసి తన దుఃఖానికి అయిదు దినాల పీట వేసింది. పౌరుషానికి శోకం విరోధి అని పలనాటి పెద్దలు అనుకోలేదనటానికి ఇంతకంటె సాక్ష్యం వేరే అక్కరలేదు.

ఇక బడి సంగతి. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి ప్రాంతాల పల్లెలనుంచి పది పదకొండేళ్ల పిల్లలు చదువుకోసం నరసరావుపేట, మాచర్ల, గురజాల పట్టణాల వసతిగృహాలకు వస్తారు. ఇల్లు విడిచిన రైలీకీ, ట్రంకుపెట్టెతో బస్సు దిగిన ఆ పిల్లకూ దుఃఖంలో తేడా లేదు. ఉన్న తేడా ఒక్కటే: రైలీ ఏడ్చిన రాత్రి తల్లిదండ్రులు ఎదుట ఉన్నారు, ఈ పిల్లకు ఎదుట ఉన్నవాడు ఉపాధ్యాయుడే. పాఠాలు, పరీక్షలు, మార్కుల పట్టిక అనే మూడింటి నడుమ ఆ కన్నీటికి వేళ కేటాయించటం మరచిపోతున్నారు. పరీక్షాఫలితాలు వెలువడిన దినాలలో పత్రికలు ప్రచురించే దారుణవార్తల వెనుక, ఎవరికీ చెప్పుకోలేని దుఃఖం ఎంత ఉన్నదో ఆలోచించేవారు తక్కువ.

దుఃఖానికి చోటిస్తే పిల్లలు పిరికివారవుతారని కొందరి ఆక్షేపణ. ఇది పూర్తిగా నిరాధారం కాదు. ఏడుపునే ఇల్లుగా చేసుకొన్నవాడు ఏ పనీ సాధించలేడు. ఆ చిత్రం కూడా విషాదానికి సింహాసనం అప్పగించలేదు. కన్నీరు కార్చిన రైలీ వెంటనే నవ్వుతుంది. ఆ నవ్వును సాధ్యం చేసింది ఆ కన్నీరే. దిగమింగిన దుఃఖం ధైర్యంగా మారదు. ఆ చిత్రంలో రైలీ విషాదం దూరమైనప్పుడు ముందు కోపానికీ, తరువాత ఏ భావమూ కదలని మొద్దుతనానికీ లోనవుతుంది. ఇంటినుంచి పారిపోవ నిశ్చయిస్తుంది. మొండిగా ఎదురు తిరిగే విద్యార్థిని శిక్షించబోయే ముందు, ఆ కోపం వెనుక గీతలో నిలబెట్టిన విషాదం ఉన్నదేమో చూడటం ఉపాధ్యాయుని విధి. 2024లో వచ్చిన రెండవభాగంలో రైలీకి పదమూడేళ్లు; ఆందోళన, అసూయ మొదలైన కొత్తపాత్రలు ప్రవేశిస్తాయి. ఉన్నతపాఠశాల ఉపాధ్యాయులకు ఆ పాత్రలు నిత్యపరిచితాలే.

ఇందుకు కొత్త పాఠ్యగ్రంథం గాని, ప్రభుత్వపు ఉత్తరువు గాని అవసరం లేదు. వారంలో ఒక గంట తెలుగు ఉపాధ్యాయుడు పలనాటి కథ చెప్పి, ఐతాంబ దుఃఖమేమిటో పిల్లల చేత వారి మాటలలో వ్రాయించవచ్చు. ఆమె మనస్సులో ఏ భావం ఏ రంగులో నిలిచి ఉంటుందో బొమ్మ గీయించవచ్చు. పరుల దుఃఖానికి పేరు పెట్టగలిగిన పిల్లవాడు క్రమంగా తన దుఃఖానికీ పేరు పెట్టగలుగుతాడు. అంతకు ముందే తరగతిలో ఎవరైనా బల్లమీద తల వాల్చి కూర్చుంటే, “ఏమయింది?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ప్రక్కనే కూర్చోవటం ఏ గురువుకైనా చేతనవును.

విషాదపాత్ర ఆ చిత్రంలో చేసిన పని అంతే. దానికి పట్టేది పది నిమిషాలు.