కళ్ళెం బిగిస్తే ఆగదు

"దానికి కాస్త కళ్ళెం వెయ్యాలమ్మా!" ఆడపిల్ల నాలుగు మాటలు గట్టిగా మాట్లాడినా, సాయంత్రం ఓ అరగంట ఆలస్యంగా ఇంటికొచ్చినా మన ఇళ్ళలో వినిపించే మాట ఇది. నోటికి కళ్ళెం, ఖర్చుకి కళ్ళెం, కోరికలకి కళ్ళెం... కళ్ళెం అంటే ఆపేది అని మనందరి నమ్మకం. పందేల్లో పెరిగిన గుర్రం దగ్గర మాత్రం ఈ నమ్మకం పనిచెయ్యదు. దాని పగ్గాలు బిగించి పట్టుకుంటే అది ఆగదు సరికదా, ఇంకా పరుగు తీస్తుంది!

ఎందుకంటే దానికి నేర్పింది అదే. పందెంలో జాకీ రికాబులు పొట్టిగా పెట్టుకుని, జీను మీద కూర్చోకుండా ముందుకు వంగి ఉంటాడు. పగ్గాలు బిగించి పట్టుకుంటాడు. గుర్రం ఆ బిగువునే ఆసరాగా తీసుకుని దౌడు తీస్తుంది. అంటే దాని లెక్కలో పగ్గాలు బిగియడమంటే "పద" అని. వదులు కావడమంటే "ఇక చాలు" అని. అలాంటి గుర్రాన్ని కొత్తవాళ్ళెక్కి, భయంతో పగ్గాలు లాగారనుకోండి... ఏమవుతుందో వేరే చెప్పాలా? పైగా "పొగరుబోతు గుర్రం" అని దానికే చెడ్డపేరు. పాపం, అది చెప్పిన మాట వింటూనే ఉంది. చెప్పేవాళ్ళకే దాని భాష రాదు.

నాకీ సంగతులు ఎలా తెలుసంటారా? మా పిన్ని కూతురు అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ఉంటుంది. గుర్రాల పెంపకానికి పేరుపడ్డ ఊరది. ఏళ్ళ తరబడి స్వారీ నేర్చుకున్నాక, పందేల నుంచి తప్పించిన ఓ నాలుగేళ్ళ గుర్రాన్ని కొనుక్కుంది. అడవి బాటల్లో, గుట్టల వెంట నింపాదిగా స్వారీ చెయ్యడం అక్కడ చాలామందికి ఇష్టం. ట్రైల్ రైడింగ్ అంటారు. తన గుర్రాన్ని దానికి అలవాటు చెయ్యాలని మా చెల్లెలి కోరిక. నేనక్కడున్న రెండు నెలలూ సాయంత్రాలు తనతోపాటు గుర్రపుశాలకి వెళ్ళేదాన్ని. "ఎప్పుడెక్కుతావే?" అనడిగితే, "అప్పుడే ఎక్కడక్కా! ఇంకా దానికి తిండే సరిగ్గా ఒంటబట్టడం లేదు" అనేది.

ఆ మాటలో బోల్డంత నిజముంది. పందెం గుర్రం బతుకు ఒక్కసారి ఊహించండి. ఏడాదిన్నర వయసులోనే వీపు మీద జీను పడుతుంది. రెండో ఏట పందేలు మొదలు. 1875 నుంచి జరుగుతున్న కెంటకీ డెర్బీలో పరిగెత్తేవి మూడేళ్ళ గుర్రాలే. గుర్రం ఎముకలు, ముఖ్యంగా వెన్ను, పూర్తిగా గట్టిపడేసరికి ఐదారేళ్ళు వస్తాయి. అంటే ఒళ్ళు ముదరకముందే ఉద్యోగం అన్నమాట! రోజులో ఎక్కువ భాగం నాలుగు గోడల కొట్టంలోనే. పొద్దున్నే కాసేపు పరుగు. బలం కోసం ఓట్స్ దాణా దండిగా పెడతారు. గుర్రం కడుపులో ఆమ్లం ఇరవైనాలుగ్గంటలూ ఊరుతూనే ఉంటుంది; అందుకే అది రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి మేసే జంతువు. గడ్డి తగ్గి దాణా పెరిగితే కడుపులో పుళ్ళు పడతాయి. పందెం గుర్రాల్లో ఇది చాలా మామూలు జబ్బు. కడుపు మండుతుంటే ఎవరికైనా చిరాకే కదా? దాన్ని మనం పొగరంటాం.

ఇంతా చేస్తే నాలుగైదేళ్ళ వయసుకి, వేగం తగ్గిందనో కాలికి దెబ్బ తగిలిందనో చాలా గుర్రాల పందేలు ముగుస్తాయి. గుర్రం ఆయుష్షు పాతికేళ్ళు. మిగతా ఇరవై ఏళ్ళ మాటేమిటి?

ఫెర్డినాండ్ అనే గుర్రం 1986లో కెంటకీ డెర్బీ గెలిచింది. 1987లో అమెరికా దేశానికంతటికీ ఆ ఏటి మేటి గుర్రం అనిపించుకుంది. తర్వాత దాన్ని సంతతి కోసం జపాన్‌కి అమ్మారు. పిల్లలు ఆశించినట్టు రాణించకపోయేసరికి చేతులు మారి, 2002లో వధశాల పాలైందని తర్వాతి ఏడాది వార్తలొచ్చాయి. అంత పేరున్న గుర్రానికే ఆ గతి పట్టిందంటే, పేరు లేని వాటి సంగతి చెప్పేదేముంది!

ఈ అన్యాయాన్ని సరిదిద్దాలని పూనుకున్నవాళ్ళూ ఉన్నారు. 1980ల తొలినాళ్ళలో అమెరికాలో థరోబ్రెడ్ రిటైర్‌మెంట్ ఫౌండేషన్ అనే సంస్థ మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్‌కిల్ జైలు ఆవరణలో ఖైదీల చేతనే రిటైరైన గుర్రాల ఆలనాపాలనా చూపించింది. బ్రిటన్‌లో 2000లో ఇదే పని కోసం మరో సంస్థ వచ్చింది. లెక్సింగ్టన్‌లోని కెంటకీ హార్స్ పార్కులో కొత్త పనులు నేర్చుకున్న పందెం గుర్రాలకి ఏటా పోటీలు పెడతారు. అందులో ట్రైల్ స్వారీ కూడా ఒక విభాగం.

మరి ఆ నేర్పడం ఎలా? మొదటి పాఠం ఏ పాఠమూ లేకపోవడమే. కొన్ని వారాలు, అవసరమైతే నెలలు, పచ్చికలో వదిలేస్తారు. తోడుగా నెమ్మదైన ముసలి గుర్రాన్ని ఉంచుతారు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మన సామెత. ఇక్కడ ముందు తగ్గించేది దాణానే! దానికి బదులు గడ్డి కడుపునిండా పెడతారు. తర్వాత ఎక్కకుండా, పక్కన నడుస్తూ పాఠాలు. నిలబడమంటే నిలబడటం, వెనక్కి రెండడుగులు వెయ్యడం, పక్కకి జరగడం. ఇవి మనకి చిన్నవి. నడుస్తుండగానే జాకీని వీపుమీదకి ఎక్కించుకోవడం అలవాటైన గుర్రానికి మాత్రం, మనిషి ఎక్కేదాకా కదలకుండా నిలబడటం పెద్ద చదువే. డొక్కలకి మనిషి కాళ్ళు ఆనడం కూడా దానికి కొత్తే; జాకీ కాళ్ళు అంత కిందికి రావు కదా!

ఎక్కిన తర్వాత పగ్గాలు వదులుగా ఉంచి నడిపిస్తారు. వేగం హెచ్చితే రెండు పగ్గాలూ పట్టి లాగరు. ఒక పక్కకి మెల్లగా మళ్ళించి, గుండ్రంగా తిప్పుతారు. దాని అడుగు నెమ్మదించగానే చెయ్యి వదులు చేస్తారు. ఆ వదులే దానికి బహుమానం. బిగిస్తే పరుగు అనే పాత పాఠం పోయి, నెమ్మదిస్తే హాయి అనే కొత్త పాఠం అలా ఒంటబడుతుంది.

ఆ తర్వాతే అడవి బాట. మొదట అనుభవమున్న గుర్రం వెంట వెళ్తారు. పక్కనుంచి మరో గుర్రం దాటిపోతే పందెం గుర్తుకొస్తుంది కనుక, ఒకసారి ముందు, ఒకసారి వెనక నడిపించి దానికీ అలవాటు చేస్తారు. వాగు, గాలికెగిరే ప్లాస్టిక్ సంచి, పొదలోంచి దూకే జింక... ఒక్కోటీ ఒక్కో పరీక్ష. బెదిరితే తిట్టరు, కొట్టరు. అది నిలబడి చూసి, ఊపిరి వదిలి, తల దించేదాకా ఆగుతారు.

"ప్రేమ ఉంటే చాలు, గుర్రం దానంతటదే మారుతుంది" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. కుర్ర గుర్రాన్నీ కొత్త రౌతునీ జతచెయ్యడం ఇద్దరికీ ప్రమాదమే. ప్రేమతోపాటు చేతిలో పనితనం ఉండాలి, పక్కన తెలిసినవాళ్ళుండాలి, తలకి హెల్మెట్ ఉండాలి. అలాగే ఆ పోటీల గురించీ నాకో అభ్యంతరం ఉంది. వాటివల్ల ఇలాంటి గుర్రాలకి గిరాకీ పెరిగింది, సంతోషమే. కానీ పది నెలల్లో తర్ఫీదు ముగించి బరిలో దించాలనే గడువేమిటి? పరుగు మాన్పించడానికి మళ్ళీ ఓ పరుగా! కొన్ని గుర్రాలు మూడు నెలల్లో కుదుటపడతాయి, కొన్నిటికి రెండేళ్ళూ చాలవు. ఆ తేడా ఒప్పుకోవడమే అసలైన శిక్షణ అని నా అభిప్రాయం.

"డబ్బున్నవాళ్ళ సరదా, మనకెందుకు?" అనకండి. మన హైదరాబాదులో మలక్‌పేట రేసుకోర్సు ఉంది. పందేలు మానిన గుర్రాలు మన రైడింగ్ స్కూళ్ళకీ వస్తాయి. రేపు మీ అమ్మాయి గుర్రపు స్వారీ నేర్చుకుంటానంటే "ఆడపిల్లకెందుకే" అనకుండా తీసుకెళ్ళండి. ఫీజు ఎంతో అడిగే ముందు గుర్రం వయసెంతో, ఎక్కణ్ణుంచి వచ్చిందో, పందేలు మానాక ఎన్నాళ్ళు విశ్రాంతి ఇచ్చారో, దానికి గడ్డి ఎంత పెడుతున్నారో అడగండి. జవాబు సరిగ్గా చెప్పలేనిచోట పిల్లనెక్కించకండి. అడిగేవాళ్ళు నలుగురైతే, చెప్పాల్సినవాళ్ళూ జాగ్రత్త పడతారు.