పాత బెణుకు, అలసిన కాలు

సంక్రాంతి వచ్చిందంటే విజయవాడ చుట్టుపక్కల, దివిసీమ ఊళ్లలో కబడ్డీ పోటీలు మొదలవుతాయి. చాలాచోట్ల ఒకే జట్టు ఒకే రోజు రెండు మూడు ఆటలు ఆడుతుంది. ఈ పద్ధతి మారాలని మా అభిప్రాయం.

పండుగ తరువాత కుంటుకుంటూ మా ఓపీకి వచ్చే కుర్రవాళ్లను అడిగితే, "పోయినేడు బెణికిన కాలే సిస్టర్" అంటారు. చీలమండ బెణికితే వాపు, నొప్పి కొద్ది వారాల్లో తగ్గుతాయి. కానీ పాదం ఎటు ఒరుగుతున్నదో మెదడుకు తెలిపే శక్తి చాలామందిలో పూర్తిగా తిరిగి రాదు. ఆ లోటును కండరాలు కొంతవరకు సర్దుతాయి. అలసిపోయాక అవి వెంటనే బిగుసుకోలేవు. బ్యాలెన్స్ తప్పి అదే కాలు మళ్లీ మడతపడుతుంది. పురుషుల కబడ్డీ 40 నిమిషాల ఆట. కూతకు వెళ్లినవాడు 30 సెకన్లలో ఎన్నోసార్లు దిశ మార్చాలి. ఇక రోజులో మూడో ఆటకు ఆ కాలు ఎలా తట్టుకుంటుంది?

నొప్పి లేకపోతే చాలు, ఆడవచ్చు అనుకోవద్దు. ఆటకు ముందు ఒకసారి, అలసిన తరువాత ఒకసారి ఒంటికాలిపై నిలబడి చూడండి. పాత దెబ్బ తగిలిన కాలు బాగా తూలితే ఆ రోజుకు ఆట చాలించండి. రోజూ కొద్దిసేపు గోడ దగ్గర ఒంటికాలిపై నిలబడే సాధన వారాల తరబడి చేస్తే మళ్లీ బెణికే ప్రమాదం తగ్గుతుంది.

నిర్వాహకులు జట్టుకు రోజుకు ఒక్క ఆటే పెట్టాలి. కోచ్‌లు తడబడుతున్న ఆటగాడిని కూర్చోబెట్టి మరొకరిని దించాలి. ఒక కప్పు కోసం పిల్లల కాళ్లను పణంగా పెట్టవద్దని మా మనవి.